కింది పైపు మీద చెయ్యి

జనగామలో కారు వేడెక్కుతోందని ఎవరైనా అంటే ముందుగా వినపడే పేరు మోతీలాల్‌ది. ఊరి చివర, లస్మయ్య అనే పెద్దమనిషి ఖాళీ జాగాలో వేసుకున్న రేకుల షెడ్డు అతనిది. ఇంజను విప్పి కట్టేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. గేరుబాక్సు పనికి ఒకరు పేరు పడితే, ఏసీ పనికి ఇంకొకరు. కానీ మీటరులో ముల్లు ఎర్రగీత దాటి, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేస్తే మాత్రం, కొడకండ్ల నుంచి అయినా, లింగాల ఘనపూర్ నుంచి అయినా తాడు కట్టి లాక్కొచ్చేది మోతీలాల్ దగ్గరికే.

అతను బండిని చూసే తీరు వేరుగా ఉండేది. ఇంజను స్టార్టు చేయించి కాసేపు నడవనిచ్చేవాడు. తర్వాత వంగి, ఎడమచెయ్యి రేడియేటర్ పై పైపు మీద, కుడిచెయ్యి కింది పైపు మీద ఒకేసారి వేసి కళ్లు మూసుకునేవాడు. ఇంజనులో కాగిన నీళ్లు పై పైపులోంచి రేడియేటర్‌కు వచ్చి, అక్కడ చల్లబడి, కింది పైపులోంచి తిరిగి లోపలికి పోతాయి. ఈ రాకపోకలకు కాపలా థర్మోస్టాట్ అనే చిన్న వాల్వు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది. నీళ్లు కాగాక తెరుచుకుంటుంది. పై పైపు కాలిపోతూ కింది పైపు చల్లగా ఉందంటే వాల్వు తెరుచుకోవడం లేదని లెక్క. స్టార్టు చేసినప్పటి నుంచే రెండు పైపులూ కలిసి మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే అది తెరుచుకుని అలాగే ఉండిపోయిందని లెక్క. రెండూ ఒక్కతీరుగా కాలిపోతుంటే వాల్వుది తప్పు కాదు, రేడియేటరే వేడిని వదలడం లేదు. ఇదంతా వరంగల్‌లో ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న చదువు. ఉస్తాద్ మాటల్లో చెప్పింది తక్కువ. శిష్యుడి చెయ్యి పట్టుకుని పైపు మీద పెట్టేవాడు, అంతే.

షెడ్డు పక్కనే అతని భార్య బుజ్జి చాయ్ బండి పెట్టుకుంది. బండిలోంచి తీసిన వాల్వును మోతీలాల్ ఆ పొయ్యి మీదే, వేరే గిన్నెలో నీళ్లు పోసి, తీగకు కట్టి వేలాడదీసేవాడు. నీళ్లు మసులుతుంటే బండి ఓనరును పిలిచి, "నీ కండ్లతోటి నువ్వే సూడు" అనేవాడు. వాల్వు కదలకపోతే పోయినట్టు. కదిలితే దాన్ని మళ్లీ అదే బండిలో బిగించేవాడు. మంచి వాల్వును పారేయించాడన్న మాట అతని మీద ఎప్పుడూ రాలేదు.

ఆ కుడిచెయ్యికి జబ్బు వచ్చిన సంగతి మొదట మోతీలాల్‌కు కూడా తెలియలేదు. మోచేతి దగ్గర తోలు కొంచెం పాలిపోయి కనబడితే, ఆయిలు పడీ పడీ అట్లా అయిందనుకున్నాడు. ఆ తర్వాత చిటికెన వేలు మొద్దుబారింది. దాని పక్క వేలు కూడా దాని దారే పట్టింది. చేతిలో ఉన్న చిన్న నట్టు ఎప్పుడు జారిందో తెలియకుండా జారిపోయేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. బుజ్జి అడిగితే, "పానా పట్టి పట్టి తిమ్మిరెక్కింది" అన్నాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు తొడగడం మొదలుపెట్టాడు.

లోపల మాత్రం అతనికి ఒక అనుమానం ఉంది. ఆ అనుమానానికి ఒక మనిషి రూపం కూడా ఉంది.

మోతీలాల్ పుట్టింది మహబూబాబాద్ అవతల ఒక తండాలో. అతని తల్లికి మేనమామ రాంజీ. మోతీలాల్‌కు ఊహ తెలిసేటప్పటికే రాంజీ తాతను తండా బయట, చేను గట్టు మీద గుడిసె వేసి ఉంచారు. పెద్దరోగం అన్నారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. తండాలో పండగైతే ఆయన వాటా ఆయనకు పంపేవాళ్లు. కానీ ఎవరూ గుడిసె దాకా పోయేవాళ్లు కాదు. తల్లి రొట్టె మూటకట్టి ఇస్తే చిన్న మోతీలాల్ తీసుకుపోయి, బండరాయి మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడేవాడు. అప్పుడు తాత బయటికి వచ్చేవాడు. మూటను రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని పట్టుకునేవాడు. పిల్లవాడి వైపు చూసి, "మీ యాడి మంచిగున్నదా?" అని తమ లంబాడీ భాషలో తల్లి క్షేమం అడిగేవాడు. ఆయన చనిపోయిన సంగతి తండాకు ఆలస్యంగా తెలిసింది. రాయి మీద పెట్టిన రొట్టె అక్కడే ఉండిపోవడంతో తెలిసింది.

అందుకే మోతీలాల్ ఎవరికీ చెప్పలేదు. దవాఖానకు పోతే ఆ పేరు చెప్తారని పోలేదు. ఆశా వర్కరు శశికళ ఇంటింటికీ వచ్చి ఒంటి మీద మచ్చలున్నాయా అని అడిగి రాసుకుపోయే రోజున, బండి రిపేరు ఉందని పొద్దున్నే ఇంట్లోంచి జారుకున్నాడు. వేళ్లు పోయినా అరచెయ్యి ఉంది కదా, అరచేతితో పని నడుస్తుంది కదా అనుకున్నాడు. అరచెయ్యి కూడా ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు. పోతున్నది పోతున్నట్టు చెప్పే గుణం ఆ జబ్బుకు లేదు.

స్పేరు పార్టులు అమ్మే యుగేందర్ ఒకసారి నవ్వులాటకు, "ఏందన్నా, ఈ యేడు జనగామల అన్ని బండ్ల వాల్‌లు ఒక్కసారే సచ్చిపోతున్నయా? నీకు ఎన్ని తెప్పించినా సాలుతలేవు" అన్నాడు. మోతీలాల్ నవ్వలేదు. ఈమధ్య తీసిన ప్రతి వాల్వునూ గిన్నెలో వేసి చూడటం లేదు. ఆ మాట తనకెందుకు గుచ్చుకుందో ఆలోచించడానికి కూడా ఇష్టపడలేదు.

యాసంగి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. గాలి లేస్తే పొట్టు పొగలాగా లేచి బండ్ల ముఖాన కొట్టేది. ఆ ఎండలో ఒక మధ్యాహ్నం, కిరాయి కారు నడిపే కరుణాకర్ షెడ్డు ముందు బ్రేకు వేశాడు. వెనక సీట్లో శారద ఉంది. జనగామలోనే బట్టలు కుట్టే దుకాణం ఆమెది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"మోతన్నా, జర జల్ది సూడే" అన్నాడు కరుణాకర్ దిగుతూనే. "శారదక్కోళ్లమ్మ పానం పోయింది. భూపాలపల్లి పోవాలె. పెండ్యాల దాక పోంగనే మీటర్ మీదికి లేసింది. వేరే బండి దొరుకతలేదు, ఎనక్కి మలుపుకొచ్చిన."

మోతీలాల్ బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే రెండు చేతులూ రెండు పైపుల మీద వేశాడు. ఎడమచెయ్యి చురుక్కుమంది. కుడిచేతికి ఏమీ తెలియలేదు. పై పైపు కాలుతోంది, కింది పైపులో వేడి లేదు. ఇంతకంటే తేటగా వాల్వు జబ్బు ఇంకేం చెప్పాలి?

అయినా ఒక్క క్షణం ఆగాడు. చల్లటి రబ్బరు కూడా చేతికి తాకినట్టు తెలుస్తుంది. కింది పైపు మీద ఉన్న చేతికి ఆ చల్లదనం కూడా తెలియడం లేదు. అసలు అక్కడ పైపు ఉన్నట్టే లేదు. చెయ్యి మార్చి, ఎడమచేతితో కింది పైపు పట్టుకుని చూస్తే అయిపోయేది. ఆ ఒక్క పని అతను చేయలేదు. అట్లా మార్చి చూడటమంటే తన కుడిచేతికి ఏదో అయిందని తానే ఒప్పుకోవడం. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన సంగతిని, బానెట్ కింద, ఎండలో, పరాయివాళ్ల ముందు ఒప్పుకోలేకపోయాడు.

"వాల్ పోయింది తమ్మీ. తెరుసుకుంటలేదు" అన్నాడు.

వాల్వు విప్పి తీసి, గిన్నెలో వేసి చూద్దామని బుజ్జి వైపు తిరిగాడు. అప్పుడే కారులోంచి శారద గొంతు వినపడింది. "అన్నా, ఇంకెంతసేపయితది? పొద్దు మీరకముందే అమ్మను తీస్తమంటున్నరు. ఎండకు ఆగదట."

మోతీలాల్ పాత వాల్వును రేకు డబ్బాలో పడేసి కొత్తది బిగించాడు. కూలెంటు పోశాడు. కాసేపు నడిపి చూస్తే ముల్లు మధ్యలోనే నిలబడింది. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

మళ్లీ కరుణాకర్ వచ్చింది కారులో కాదు, బస్సు దిగి నడుచుకుంటూ. వచ్చి చాయ్ బండి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. బుజ్జి చాయ్ ఇస్తే వద్దన్నాడు.

"పరకాల దాటంగనే ఆగిపోయిందన్నా" అన్నాడు. "పొగ పొగ. ఇంజను హెడ్డు పోయింది. నడిరోడ్డు మీద, చెట్టు నీడ కూడ లేదు. శారదక్క రోడ్డు మీద అటు ఉరుకుతది, ఇటు ఉరుకుతది. ఏ బండి ఆపుతలేరు. ఆకరికి ఒక ట్రాలీ ఆటో దొరికింది. ఆమె పోయేసరికి మంట పెట్టిన్రు."

మోతీలాల్ చేతిలో పానా అట్లాగే ఉంది.

"అక్కడి మెకానిక్ విప్పిండు. ఏసీ జాలికి, రేడియేటర్‌కు నడుమ గంపెడు వడ్ల పొట్టు ఎల్లింది. గాలే పోతలేదట లోపలికి. రెండు పైపులు ఒక్కతీరుగ కాలుతుంటె వాల్ ఎందుకు మార్చిన్రు, ఎవలు సూశిన్రు అని అడిగిండు. నీ పేరు చెప్పిన. మోతీలాల్ గట్ల చెయ్యడే అన్నడు."

"కింది పైపు సల్లగుండె తమ్మీ. నేను పట్టుకున్న గద" అన్నాడు మోతీలాల్.

"సల్లగెట్లుంటదన్నా?"

"పాత వాల్ నా దగ్గర్నే ఉన్నది. ఉండు, నీకు సూపిస్త."

గొంతు పెంచి అన్నాడు కానీ ఆ పెంచడంలో బలం లేదు. డబ్బాలోంచి వాల్వు తీశాడు. బుజ్జి పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్లు పోసింది. ముగ్గురూ గిన్నె మీదికి వంగి చూస్తున్నారు. అడుగున బుడగలు లేచాయి. నీళ్లు మసలడం మొదలైంది. వాల్వు కాసేపు కదలలేదు. ఆ కాసేపట్లో మోతీలాల్ ముఖానికి కొంచెం కళ వచ్చింది. అప్పుడు వాల్వు మధ్యలో రేకు మెల్లగా పైకి లేచింది. ఇంకా లేచింది. పూర్తిగా తెరుచుకుని నిలబడింది.

"తెరుసుకున్నది కదనే" అన్నాడు కరుణాకర్, చిన్నగా.

మోతీలాల్‌కు నమ్మకం కుదరలేదు. ఆవిరిలో సరిగ్గా కనబడలేదేమో, తీగ తగిలి లేచినట్టు కనబడిందేమో. గిన్నెలో చెయ్యి పెట్టాడు. వాల్వును తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"అన్నా! చెయ్యి! చెయ్యి!" అని కరుణాకర్ అరిచాడు. బుజ్జి అతని మోచేతి మీద గట్టిగా కొట్టింది. వాల్వు ఎగిరి బల్ల కింద పడింది. మసిలే నీళ్లలో ముంచిన కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా కమిలి ఉంది. వేళ్ల మీద తోలు అప్పుడే ఉబ్బుతోంది. మోతీలాల్ ఆ చేతి వైపు ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూశాడు.

"నొప్పి లేదు" అన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

కరుణాకర్ ఏదో అనడానికే వచ్చిన మనిషి. ఆ సంగతి వదిలేశాడు. చన్నీళ్ల బకెట్ తెచ్చి మోతీలాల్ చెయ్యి అందులో పెట్టించాడు. ఆటో పిలిచి, ఇద్దరినీ దవాఖానలో దించి వెళ్లిపోయాడు.

దవాఖానలో కట్టు కట్టే నర్సు, దూది రాస్తున్నా ఇతను కదలకపోవడం చూసి డాక్టరును పిలిచింది. డాక్టరు కాలని చోట, మోచేతి దగ్గర ఉన్న పాలిపోయిన మచ్చను చూశాడు. మోతీలాల్‌ను కళ్లు మూసుకోమని, దూది పోగుతో అక్కడక్కడా తాకుతూ, తాకిన చోట వేలు పెట్టి చూపించమన్నాడు. ఎడమచేతి మీద ప్రతిసారీ చూపించాడు. కుడిచేతి మీద దూది ఆడుతూనే ఉంది, మోతీలాల్ ఎదురుచూస్తూనే ఉన్నాడు. "ఇంకా పెట్టలేదా సార్?" అని అడిగాడు. పక్కన నిలబడ్డ బుజ్జి గోడ వైపు తిరిగింది.

డాక్టరు మోచేతి వెనక నరాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసి, జబ్బు పేరు చెప్పాడు. కుష్ఠు. మందులున్నాయనీ, నయమవుతుందనీ, సర్కారు దవాఖానలోనే ఇస్తారనీ చెప్పాడు. మోతీలాల్‌కు పేరు తర్వాతి మాటలేవీ వినపడలేదు.

ఇంటికి వచ్చాక తన పడక అరుగు మీదికి మార్చుకున్నాడు. తన కంచం, తన గ్లాసు వేరుగా పెట్టమని బుజ్జికి చెప్పాడు. బుజ్జి కోపం రోగం మీద కాదు. పొద్దు గూకినాక బయటికి వచ్చి, తమ భాషలో, పక్కింటివాళ్లు వింటారని కూడా చూడకుండా అడిగింది.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"ఒక యేడాది కావొస్తంది."

"యేడాది సంది నీ పక్కన పండుకుంటున్న. నీ బట్టలు ఉతుకుతున్న. హాస్టల్ నుంచి శిరీష వస్తే నీ పక్కనే కూసోబెట్టి తినిపించిన. నాకు చెప్పకపోతివి శిరీషా బాపూ. నేనేమన్న బండరాయి మీద రొట్టె పెట్టి పోయేదాన్న?"

మోతీలాల్ రాంజీ తాత సంగతి పెళ్లయిన కొత్తలో ఎప్పుడో ఒకసారి చెప్పాడు. ఆమె గుర్తుపెట్టుకుంటుందని అనుకోలేదు.

మర్నాడు శశికళ మందుల అట్టలు తీసుకుని వచ్చింది. పోయినసారి ఇంట్లో లేకుండా పోయింది ఈయనే అని ఆమెకు గుర్తుంది కానీ ఆ మాట ఎత్తలేదు. నేల మీద కూర్చుని అట్ట విప్పి చూపించింది.

"అన్నా, ఇది నా ముందట మింగాలె. మూత్రం ఎర్రగ వస్తది, భయపడకు. కొన్ని నెలలు పోయినంక ఒళ్లు నల్లబడుతది. మందులు ఆపితె అదే పోతది. మందు పడ్డ కొద్దిరోజులకే నీ నుంచి వేరేటోళ్లకు అంటదు. కంచాలు మంచాలు వేరే పెట్టుడు ఏమొద్దు."

"చెయ్యి మల్ల వస్తదా చెల్లె?"

శశికళ వెంటనే అవునని అనలేదు. "ముందుగాల వస్తె వచ్చుండేదేమో. కొంత రావచ్చు, రాకపోవచ్చు. ఇంక పోకుంట మాత్రం ఆగుతది" అంది. బుజ్జి చేతులూ కాళ్లూ వీపూ చూసి ఏమీ లేదని చెప్పింది. ముందు జాగ్రత్తకు ఆమెకూ ఒక మాత్ర ఇచ్చింది. బుజ్జి ఆ మాత్ర మింగి, లేచి, అరుగు మీది పరుపు చుట్టి లోపల వేసింది.

కాలిన చెయ్యి మానుతున్న రోజుల్లో మోతీలాల్‌ను తొలిచేసింది రోగం కాదు. శారద. రోడ్డు మీద అటూ ఇటూ ఉరికిందన్న మాట చెవిలోంచి పోలేదు. పోయి చెప్పాలన్నాడు. బుజ్జి వద్దంది. "ఆమె పెయ్యి మీది పుండు నువ్వెందుకు గెలుకుతవ్? కరుణాకర్ చెప్పనే చెప్పుంటడు" అంది. కరుణాకర్ ఎవరికీ చెప్పలేదని మోతీలాల్‌కు తెలుసు. చెప్పి ఉంటే ఈపాటికి ఊరంతా తెలిసేది.

ఒక సాయంత్రం శారద దుకాణానికి పోయాడు. మిషన్ మీద ఉన్న ఆమె కట్టు కట్టిన చేతిని చూసి, "కూసో అన్నా" అని స్టూలు జరిపింది. అతను కూర్చోలేదు.

"అక్కా, ఆ దినం నీ బండి ఆగిపోయింది నా తోటి. కరుణాకర్ తప్పు లేదు. నా చెయ్యికి స్పర్శ లేదు. లేదని నాకు తెలుసు. తెలిసి కూడ ఆ చెయ్యితోనే సూశి చెప్పిన. చెయ్యి మార్చి సూస్తె నువ్వు టైముకు పోయేదానివి."

శారద మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"మా తమ్ముడు ఫోన్ల చూపిస్తుండె" అంది. "వీడియో కాల్. అమ్మ మొకం మీది గుడ్డ తీసి చూపిస్తుంటె సిగ్నల్ పోయింది. మల్ల వచ్చేసరికి ఎత్తుకున్నరు. మా నాయిన బొగ్గు బాయిల పనిచేసేటోడు. ఆయన బాయిల పోయినప్పుడు కూడ మాకు మొకం చూపియ్యలె. అమ్మదన్న చూస్త అనుకున్న."

మోతీలాల్ తలవంచుకుని నిలబడ్డాడు.

"నువ్వొచ్చి చెప్పకపోతె నాకు తెలిసేది కాదు. బండి నసీబు అనుకుందును. ఇప్పుడు నువ్వు ఎదురైనప్పుడల్ల యాదికొస్తది." ఆమె గొంతులో కోపం లేదు. కన్నీళ్లు కూడా లేవు. "ఏమనాలె అన్నా నిన్ను? ఏమన్న అంటె అమ్మ కనబడుతదా? పో. చెయ్యి మంచిగ చూపించుకో."

క్షమించానని ఆమె అనలేదు. మోతీలాల్ అడగలేదు. బయటికి వచ్చి, ఇంటికి పోయే దారి వదిలి, చాలాసేపు స్టేషన్ రోడ్డు మీద నడిచాడు.

ఒళ్లు నల్లబడటం మొదలయ్యాక సంగతి దానంతటదే బయటపడింది. బండ్లు తగ్గాయి. ఎవరూ మొహం మీద అనలేదు. చాయ్ బండి దగ్గర ఎప్పుడూ కూర్చునే నలుగురూ కొత్తగా ఏదో పని ఉన్నట్టు నిలబడి మాట్లాడి వెళ్లిపోయేవారు. లస్మయ్య ఒకరోజు వచ్చి, కోడలు నీళ్లు పోసుకుందనీ, వేరేగా అనుకోవద్దనీ, జాగా కావాలనీ చెప్పాడు. శశికళ ఆయన ఇంటికి పోయి, మందు వాడేవాళ్ల నుంచి అంటుకోదని వివరంగా చెప్పి వచ్చింది. ఆయన అన్నీ విని, "నిజమే బిడ్డా, నిజమే" అన్నాడు. జాగా మాత్రం కావాలన్నాడు. మోతీలాల్ వాదించలేదు. రేకులు విప్పుకుని నర్మెట్ట రోడ్డు మీద, టైర్లకు పంక్చర్లు వేసే గట్టమ్మ కొట్టం పక్కన వేసుకున్నాడు. గట్టమ్మ మొగుడు పోయాక తానే టైర్లు విప్పి అతుకులు వేస్తున్న ముసలామె. ఆమె మోతీలాల్ చెయ్యి చూసి, "నా మోకాళ్లు గిట్లనే ఉన్నయి, మనమేం పందెం ఉరుకుతమా?" అని ఊరుకుంది.

కొత్త జాగాలో మొదటి బండి వచ్చినప్పుడు మోతీలాల్ బానెట్ ఎత్తి ఆగిపోయాడు. కుడిచేతికి శశికళ ఇచ్చిన గుడ్డ తొడుగు ఉంది. ఎడమచేతి ఒక్కదానితో ముందు ఇదీ తర్వాత అదీ పట్టి చూడవచ్చు. కానీ రెండు వేడులనూ ఒకేసారి పక్కపక్కన పెట్టి తూచడం అలవాటైన మనిషికి, ఒకటి చూసి రెండోదానికి పోయేలోపు మొదటిది మనసులో చెదిరిపోతోంది. పైగా ఇప్పుడు తన చేతుల్లో దేన్నీ అతను నమ్మడం లేదు.

బుజ్జి చాయ్ గిన్నె దించి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "యాడ పట్టుకోవాలె?" అంది.

అతను చూపించాడు. ఆమె రెండు చేతులూ వేసింది.

"ఎట్లున్నది?"

"కాలుతంది."

"గట్ల చెప్తె ఎట్ల? ఎంత కాలుతంది?"

బుజ్జి ఆలోచించింది. "పైది గంజి వంచేటప్పుడు చిబ్బి మూత అంచు పట్టుకున్నట్టున్నది. కిందిది పసిపిల్లకు పోసే నీళ్ల లెక్కున్నది."

మోతీలాల్ కళ్లు మూసుకున్నాడు. ఆ రెండు వేడులూ అతనికి తెలుసు. చిబ్బి అంచు, పసిపిల్ల నీళ్లు. ఆ తేడా ఉంటే వాల్వు తెరుచుకుంటోందని, రేడియేటర్ పనిచేస్తోందని అర్థం. ఇంజను చల్లారాక రేడియేటర్ మూత తీయించి చూశాడు. మూతలో ఉండే చిన్న వాల్వు రబ్బరు చీలిపోయి ఉంది. ఒత్తిడి నిలవక నీళ్లు పొంగి పోతున్నాయి. మూత మారిస్తే సరిపోయింది.

అట్లా ఇద్దరి మధ్య వేడికి ఒక భాష ఏర్పడింది. చాయ్ గ్లాసు వేడి, పొద్దుగూకినాక బండరాయి వేడి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు, పెనం మీంచి తీసిన రొట్టె. యుగేందర్ తుపాకీ లాగా పైపుకు గురిపెట్టి నొక్కితే అంకెలు చూపించే మీటరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. మోతీలాల్ దాన్ని వద్దనలేదు. బుజ్జి ముందు చెయ్యి వేసి చెప్పడం, తర్వాత మీటరు నొక్కడం అలవాటు చేసుకున్నారు. అంకె ఒకటి చెప్పి ఆమె చెయ్యి ఇంకొకటి చెప్పిన రోజున, పైపుకు పట్టిన మట్టి తుడిచి మళ్లీ చూసేవారు.

కరుణాకర్ మళ్లీ బండి తీసుకురాలేదు. ఒకసారి ఆ దారిన పోతూ ఆగి, "చెయ్యి ఎట్లుందే?" అని అడిగి, చాయ్ తాగి వెళ్లాడు. శారద ఊరిలో రెండుమూడు సార్లు ఎదురైంది. చూసింది, తల ఊపింది, పోయింది. మోతీలాల్ దాన్ని తనకు పడిన శిక్షగా అనుకోలేదు. ఆమె చెప్పినట్టే జరుగుతోందని మాత్రం అనుకునేవాడు.

మందుల అట్టలు అయిపోయాయి. దవాఖానలో పరీక్ష చేసి ఇంక అక్కర్లేదన్నారు. నల్లదనం మెల్లగా విడుస్తోంది. అరచేతిలో బొటనవేలి వైపు కొంచెం స్పర్శ తిరిగి వచ్చింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ లోపలికి ముడుచుకునే ఉన్నాయి. రోజూ నూనె రాసి, బల్ల మీద పెట్టి సాగదీస్తాడు. అవి రావని డాక్టరు చెప్పాడు. ముడత ఇంకా పెరగకుండా ఉండటానికే ఈ పని. మొదట్లో రేపు వస్తాయేమోనని సాగదీసేవాడు. ఇప్పుడు పళ్లు తోముకున్నట్టు చేసుకుంటాడు.

మొన్న చలికాలంలో భూపాలపల్లి నుంచి ప్రభుదాస్ అనే రిటైరైన క్లర్కు పాత కారు తీసుకుని వచ్చాడు. డీజిల్ తాగేస్తోందని, ముల్లు ఎంత దూరం పోయినా లేవడం లేదని చెప్పాడు. ముల్లు లేవకపోతే మీటరుకు కబురు చేసే సెన్సార్ పోయి ఉంటుందని మోతీలాల్ అన్నాడు. బుజ్జి అప్పటికే బానెట్ కింద ఉంది. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగి, స్టార్టు చేయించి, మొదటి నుంచే రెండు చేతులూ పైపుల మీద పెట్టి నిలబడింది. చాలాసేపు తీయలేదు.

"సెన్సార్ కాదు" అంది. "రెండు పైపులు స్టార్ట్ చేసినకాడి నుంచి కలిసే ఎచ్చబడుతున్నయి. ఒకదానికోసం ఒకటి ఆగుతలేదు."

"సరిగ్గ సూశినవా?"

"నువ్వు మీటర్ పట్టుకొని సూడు మల్ల."

అతను మీటరు తీసుకోలేదు. వాల్వు విప్పమన్నాడు. తుప్పు పట్టి, సగం తెరుచుకుని, అట్లాగే బిగుసుకుపోయిన వాల్వు బయటికి వచ్చింది. ప్రభుదాస్ దాన్ని చూసి తల ఊపి, చాయ్ కోసం బల్ల మీద కూర్చున్నాడు.

కొత్త వాల్వు పెట్టాక దాని మీది మూత బిగించడానికి మోతీలాల్ పానా అందుకోబోయి, ఆగి, బుజ్జికే ఇచ్చాడు. ఇంతవరకూ బోల్టులు బిగించే పని ఎడమచేతితో తానే చేస్తున్నాడు.

"ఎంత బిగియ్యాలె?" అంది ఆమె. "ఎక్కువైతె మూత పగులుతదంటవ్ గద."

"తక్కువైతె కారుతది."

"మరి ఎట్ల తెలుస్తది?"

అతను చెప్పబోయి మాట వెతుక్కున్నాడు. "ముందు వదులుగ తిరుగుతది. తర్వాత కొంచెం ఎదురు నిలబడుతది. ఎదురు నిలబడ్డంక ఇంకొక్క ఒత్తు. అక్కడ ఆపాలె."

బుజ్జి ఒక బోల్టు కొంత, రెండోది కొంత, మళ్లీ మొదటిది తిప్పింది. పెదవి పంటి కింద పట్టి, చెవి దగ్గర ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టుగా మెడ ఒకవైపు వంచింది. ఆగింది. మోతీలాల్ ఎడమచేతితో పానా తీసుకుని పరీక్ష చేశాడు. ఇంక కొంచెం కూడా బిగించాల్సి రాలేదు.

"కూలెంట్ పొయ్యి" అన్నాడు.

ప్రభుదాస్ చాయ్ గ్లాసు కింద పెట్టి, స్టీరింగు ముందు కూర్చుని తాళంచెవి తిప్పాడు. ముగ్గురూ ముల్లు లేవడం కోసం చూస్తూ ఉన్నారు.